భూదేవి బరువు కూడా మన నెత్తినేనా?

"ఊరందరికీ చెత్త పాఠాలు చెప్తావు గదా వదినా, ఇదేమిటి మరి?" అంటూ మా ఆడబిడ్డ నీలంబుట్టలోంచి రెండు వేళ్ళతో ఒక కవరు పైకి తీసి పట్టుకుంది. దోసెల పిండి కవరు! బజార్లో కొన్న పిండి! దొంగసొత్తు దొరికినట్టు ఇంటిల్లిపాదీ నా వంక చూశారు.

నేను అప్పుడే ఒక కాలనీలో నలభైమంది ఆడవాళ్ళకి తడిచెత్త, పొడిచెత్త వేరుచెయ్యడం గురించి గంటసేపు చెప్పి, రెండు బస్సులు మారి ఇల్లు చేరాను. ఆరేళ్ళుగా చేస్తున్న పని ఇది. ముందురోజు మినప్పప్పు నానబోయడానికి తీరిక లేక పిండి కొన్నమాట నిజమే. తప్పు చేసినదానిలా తలొంచుకుని దోసెలు పోశాను. తిన్నవాళ్ళెవరూ తలొంచుకోలేదు సుమండీ!

మావారి స్నేహితులొకాయన ఇదే పర్యావరణం మీద సభల్లో బ్రహ్మాండంగా మాట్లాడతారు. ఇంతవరకూ ఎవరైనా ఆయనింటికి వెళ్ళి చెత్తబుట్ట మూత తీసి చూశారా? చూడరు. ఒకవేళ చూసి అందులో తప్పు పట్టినా, అది ఆయన తప్పు కాదు, ఆయన భార్య తప్పు. మగవాడు భూమిని కాపాడితే అది ఆశయం. ఆడది కాపాడితే ముందు ఆమె వంటిల్లు సోదా చెయ్యాలి!

అసలు ఈ భూరక్షణ అనేదాన్ని ఇంట్లోకి తీసుకొచ్చేసరికి అదేమవుతుందో గమనించారా? అంట్లపనీ, ఉతుకుపనీ అవుతుంది. పాలపాకెట్లు కడిగి ఆరేసేదెవరు? కూరతొక్కులు కుండలో వేసి, ఎండుటాకులు చల్లి, పురుగు పట్టకుండా రెండురోజులకోసారి కలియబెట్టేదెవరు? కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, మరగబెట్టి, వడగట్టేదెవరు? 2023ని చిరుధాన్యాల సంవత్సరమన్నారు. మావారు పేపరు చదివి ఆ పూటే కొర్రలు తెచ్చేశారు. తేవడం వరకే ఆయన దేశసేవ. వాటిలో రాళ్ళేరి, ముందుగానే నానబోసి, పిల్లాడికి నచ్చకపోతే వాడికి విడిగా బియ్యం పెట్టడం నా దేశసేవ.

ఇది నా ఇంటి సొద మాత్రమే అనుకునేరు. 2019లో ప్రభుత్వం వారే దేశమంతటా జనం రోజు ఎలా గడుపుతున్నారో లెక్కతీశారు. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళు ఆడవాళ్ళలో నూటికి 81 మంది, మగవాళ్ళలో 26 మంది. ఆ చేసేవాళ్ళలో కూడా ఆడదానికి రోజుకి 299 నిమిషాలు పడితే, మగవాడికి 97. ఇప్పుడు ఆ అయిదు గంటల మీద ఇంకో అరగంట పచ్చరంగు పూసి పెడుతున్నామన్నమాట. 2016లో వచ్చిన చెత్త నియమాలు తడి, పొడి, ప్రమాదకరం అని మూడురకాలుగా వేరుచెయ్యమన్నాయి. చెత్త పుట్టించే ప్రతివారూ చెయ్యాలన్నాయి గాని, 'ఇల్లాలు చెయ్యాలి' అని అందులో ఎక్కడా లేదు. కావాలంటే మీవారి చేత చదివించండి.

ఇక "పూర్వం మనవాళ్ళు ఎంత పద్ధతిగా బతికేవాళ్ళండీ, చెత్తన్నదే ఉండేది కాదు" అని నిట్టూర్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా అమ్మమ్మ మధ్యాహ్నం పూట నడుం వాల్చకుండా విస్తళ్ళు కుట్టేది. ఆమె బొటనవేలి కొస ఎప్పుడూ కాయకాచి, పుల్లలు గుచ్చుకుని నల్లగా ఉండేది. ఇత్తడి బిందెలు చింతపండు పెట్టి తోమి తోమి చేతిగీతలు అరిగిపోయాయనేది. ఆ పద్ధతి అంతా ఆమె నడుములోంచి వచ్చింది. విస్తరి ముందు కూర్చున్నవాళ్ళకేం, హాయిగానే ఉంటుంది!

ఇంతవరకూ మగవాళ్ళని అన్నాను. ఇప్పుడు నన్ను నేను అనుకోవాలి.

కిందటేడు ఒక సమావేశంలో డైపర్ల సంగతి వచ్చింది. ఎన్నేళ్ళైనా మట్టిలో కలవని ప్లాస్టిక్కు, గుడ్డవి వాడుకోండి, ఉతుక్కుంటే సరిపోతుంది అని నేను తేలిగ్గా అనేశాను. సమావేశం అయ్యాక ఒక చిన్నపిల్ల నా దగ్గరకొచ్చింది. చంకలో ఎనిమిది నెలల పసివాడు. ఉద్యోగం చేస్తోంది. "ఉతుక్కుంటే సరిపోతుందన్నారు పిన్నిగారూ, ఎప్పుడు ఉతకను? రాత్రి ఒంటిగంటకా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే టైము చెప్తానేమోనని అడిగింది. అడుగుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మీ ఆయన?" అన్నాను.

"ఆయనకి పర్యావరణమంటే చాలా ఇష్టమండీ" అంది.

ఆ పిల్లకి సమాధానం చెప్పలేక ఇంటికొచ్చాను. ఆరేళ్ళుగా నేను చేస్తున్నదేమిటి? అలసిపోయిన ఆడవాళ్ళని పోగుచేసి వాళ్ళ మీద ఇంకో పని, దాంతోపాటు చెయ్యలేకపోయామనే సిగ్గూ పెట్టి పంపిస్తున్నాను. మా ఆడబిడ్డ నాకు చేసింది, నేను నలభైమందికి చేస్తున్నాను.

అలాగని మానేద్దామా? మానలేం. అన్నీ ఒకే బుట్టలో పడేస్తే ఆ బుట్ట మాయమైపోదు. గుట్టలో గాలాడకుండా కుళ్ళిన తడిచెత్త మీథేన్ కక్కుతుంది. మనం వేరుచెయ్యనిది అక్కడ ఎవరో చేత్తో కెలికి వేరుచెయ్యాలి. గాజుపెంకులూ, సూదులూ, మన పిల్లల డైపర్లూ కలిసిపోయిన దాన్ని! ఆ చేతులు కూడా చాలాచోట్ల ఆడవాళ్ళవే. కనక మన పని తప్పించుకుని ఇంకో ఆడదాని మీదికి తోసేసే దారి నాకొద్దు. ఇంట్లో మిగిలిన రెండు చేతులున్నాయే, వాటి మీదికి తోయాలి.

అంచేత శనివారం మూడుగంటల "మహిళా సమావేశాలు" మానేశాను. ఆదివారం పదిగంటలకి, మగవాళ్ళు వస్తేనే వస్తానని చెప్తున్నాను. మొదటిసారి ఏడుగురు వచ్చారు. ముగ్గురు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఒకాయన మాత్రం పాలపాకెట్టు మూల కత్తిరించిన ముక్క ఎక్కడ వెయ్యాలని అడిగాడు. పూర్తిగా కత్తిరించకండి, కవరుకే వేలాడనివ్వండి, లేకపోతే ఆ చిన్నముక్క ఎక్కడో పడి చేజారిపోతుందన్నాను. రాసుకున్నాడు!

ఇంట్లో కూడా అదే షరతు పెట్టాను. మావారు నాలుగురోజులు అలిగారు. నిన్న పొద్దున్న ఒక పాలపాకెట్టు కడిగి, దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేశారు. తర్వాత కుర్చీ వేసుకు కూర్చుని వాళ్ళ తమ్ముడికీ, చెల్లెలికీ, సభల్లో మాట్లాడే ఆ స్నేహితుడికీ ఫోను చేసి ఆ సంగతి చెప్పారు. నేను లోపల పప్పు నానబోసుకుంటూ అంతా విన్నాను.