రైతు వివరాలకు కావలి ఎవరు? వ్యవసాయ విస్తరణలో వ్యక్తిగత సమాచార భద్రత

రైతుకు భూమి ఎంత ఉంది, అందులో ఏ పంట వేశాడు, నీటి వసతి ఏమిటి అనే వివరాలు ప్రభుత్వ లెక్కల్లో ఉండడం కొత్త కాదు. అడంగల్, పహాణీ వంటి దస్త్రాలు తరతరాలుగా ఉన్నవే. అయితే ఆ దస్త్రం ఒకే చోట, ఒకరి అధీనంలో ఉండేది. చూడదలచినవారు ఆ ఊరికి వెళ్లి అడగవలసి వచ్చేది. నేడు అవే వివరాలకు ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, పొలం అక్షాంశ రేఖాంశాలు, రైతు ఛాయాచిత్రం తోడయ్యాయి. అవి ఒక చోట కాక పదుల కొద్దీ ఫోన్లలో, కంప్యూటర్లలో, వాట్సాప్ సమూహాలలో నకళ్లుగా ఉంటున్నాయి. ఏ నకలు ఎవరి దగ్గర ఉందో రైతుకు తెలియదు. చాలా సందర్భాలలో సేకరించిన సంస్థకూ తెలియదు. ఈ స్థితిని చక్కదిద్దే బాధ్యతను సాంకేతిక నిపుణులకో పోలీసులకో వదిలివేయడం సరికాదు. రైతు గడప తొక్కి వివరాలు అడిగే విస్తరణ వ్యవస్థకే ఇందులో తొలి బాధ్యత ఉంది.

సేకరణ విస్తృతి

2024 సెప్టెంబరు 2న కేంద్ర మంత్రివర్గం 2,817 కోట్ల రూపాయల వ్యయంతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. ఇందులో భాగమైన అగ్రిస్టాక్‌కు రైతుల నమోదు, గ్రామాల భౌగోళిక పటాలు, వేసిన పంటల నమోదు మూడు ఆధారాలు. 2026-27 నాటికి 11 కోట్ల మంది రైతులకు డిజిటల్ గుర్తింపు ఇవ్వాలన్నది లక్ష్యం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు ఇప్పటికే ప్రతి సీజన్‌లోనూ జరుగుతోంది. 2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రాల పథకం కింద మట్టి నమూనాతో పాటు రైతు పేరు, సర్వే నంబరు కూడా నమోదవుతాయి.

ప్రభుత్వ పథకాల విషయం అలా ఉంచితే, విశ్వవిద్యాలయాల వైపు నుంచి జరిగే సేకరణ కూడా తక్కువేమీ కాదు. కృషి విజ్ఞాన కేంద్రాలలో శిక్షణకు వచ్చినవారి హాజరు పట్టీలు, మినీకిట్లు అందుకున్నవారి జాబితాలు, ప్రథమ శ్రేణి ప్రదర్శనా క్షేత్రాల వివరాలు ఇందుకు ఉదాహరణలు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా గ్రామాలలో ఉండే చివరి సంవత్సరం విద్యార్థులు ఇంటింటి వివరాలు రాసుకుంటారు. స్నాతకోత్తర విద్యార్థులు ప్రశ్నావళులతో ఆదాయం, అప్పు, కులం, చదువు అడిగి తెలుసుకుంటారు. పని పూర్తయి మార్కులు వచ్చాక ఆ కాగితాలు, ఆ ఎక్సెల్ పట్టికలు ఏమవుతున్నాయన్న ప్రశ్నకు చాలా చోట్ల లిఖితపూర్వకమైన సమాధానం లేదు.

జరిగిన నష్టాలు చెప్పే పాఠం

ఇదంతా ఊహాజనితమైన భయం కాదు. 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ వెలువరించిన నివేదిక నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు బహిరంగంగా కనిపించే స్థితిలో ఉన్నాయని అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఉపాధి హామీ చెల్లింపుల వెబ్‌సైటు, చంద్రన్న బీమా వెబ్‌సైటు. అక్కడ దొంగలు చొరబడలేదు. పారదర్శకత కోసం పెట్టిన జాబితాలలో అవసరం లేని వివరాలను కూడా చేర్చడమే లోపం. లబ్ధిదారు పేరు ప్రకటించడం వేరు, అతని గుర్తింపు సంఖ్యను, ఖాతా వివరాలను ప్రకటించడం వేరు.

2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో మరొక తీరు బయటపడింది. వెబ్‌సైటులో అందుబాటులో ఉన్న భూమి రిజిస్ట్రేషన్ పత్రాల నుంచి వేలిముద్రలను తీసి, రబ్బరు ముద్రలు తయారుచేసి, ఇతరుల పేరున వేల సంఖ్యలో సిమ్ కార్డులను చేతనం చేసిన ఉదంతమది. ఆ తరువాత కాలంలో ఇదే పద్ధతి బ్యాంకు ఖాతాలకూ పాకింది. ఆధార్ ఆధారిత చెల్లింపు విధానంలో నగదు తీసుకోవడానికి ఓటీపీ గానీ కార్డు గానీ అక్కరలేదు. ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర చాలు. పల్లెలో వృద్ధులకు, అక్షరాలు రానివారికి ఎంతో ఉపయోగపడే ఈ సౌలభ్యమే మోసగాడికీ అనువైనది. రహస్య సంఖ్య దొంగిలిస్తే మార్చుకోవచ్చు, వేలిముద్ర దొంగిలిస్తే మార్చుకోలేము.

పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్లది మూడవ తీరు. విడత సొమ్ము చూసుకోవడానికని నమ్మించి రైతు ఫోన్‌లో నకిలీ యాప్ వేయించి, వచ్చే సందేశాలను, ఓటీపీలను దొంగచాటుగా గ్రహిస్తారు. ఇటువంటి సందేశాన్ని రైతు నమ్మడానికి ప్రధాన కారణం అది వచ్చిన చోటు. శాస్త్రవేత్తలు, అధికారులు ఉన్న సమూహంలోకి వచ్చిన సందేశానికి వారి విశ్వసనీయత కూడా అంటుకుంటుంది. మోసగాడు వాడుకునేది రైతు అమాయకత్వాన్ని మాత్రమే కాదు, విస్తరణ వ్యవస్థ ఏళ్ల తరబడి సంపాదించుకున్న పరపతిని.

డబ్బుకు మించిన నష్టం

సమాచార భద్రత అనగానే బ్యాంకు ఖాతా ఒక్కటే గుర్తుకు రావడం వల్ల మరొక ముఖ్యమైన పార్శ్వం మరుగున పడుతోంది. కౌలు రైతు సంగతి చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద పత్రం పొందడానికి భూయజమాని సంతకం అవసరమయింది. భూమి హక్కుకు ఇబ్బంది వస్తుందేమోనన్న శంకతో యజమానులు వెనుకాడినందున నోటిమాట కౌలు కొనసాగింది. అటువంటి కౌలు రైతు ఒక పరిశోధక విద్యార్థిని నమ్మి, తాను సాగు చేస్తున్న సర్వే నంబరు, చెల్లిస్తున్న కౌలు, వడ్డీకి తెచ్చిన అప్పు చెప్పాడనుకుంటే, ఆ పట్టిక ఊళ్లో ఒకరి ఫోన్‌లోకి చేరిన రోజున అతనికి పోయేది ఖాతాలోని సొమ్ము కాదు. మరుసటి ఏడాది కౌలే పోవచ్చు.

అనుమతి లేని, కలుపు మందును తట్టుకునే పత్తి విత్తనం వేసిన రైతు విషయమూ ఇటువంటిదే. ఆ సాగు విస్తీర్ణం, దాని వల్ల వస్తున్న సమస్యలు తెలియాలంటే రైతు నిజం చెప్పాలి. చెప్పిన నిజం తనపై కేసుకు ఆధారమవుతుందని అనుమానిస్తే చెప్పడు. అప్పుల వివరాలు, పురుగుమందుల మోతాదు, కుటుంబ ఆరోగ్యం అన్నీ ఈ కోవలోనివే. రైతుకు నమ్మకం సడలిన చోట ప్రశ్నావళిలోని గడులు నిండుతాయి గాని నిజం నమోదు కాదు. కాబట్టి గోప్యత నైతిక నియమం మాత్రమే కాదు, దత్తాంశ నాణ్యతకు సంబంధించిన శాస్త్రీయ అవసరం కూడా.

చట్టం పరిధి

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమావళి వెలువడింది. ప్రధానమైన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు అమలులోకి వచ్చేలా గడువు ఇచ్చారు. ఆ గడువు విశ్రాంతి కోసం కాదు, సిద్ధం కావడం కోసం.

ఈ చట్టంలో విస్తరణ శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా గమనించదగిన అంశాలు కొన్ని ఉన్నాయి. కాగితంపై సేకరించి తరువాత కంప్యూటర్‌లోకి ఎక్కించిన సమాచారానికీ ఇది వర్తిస్తుంది. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి. ఎందుకు సేకరిస్తున్నారో తెలిపే నోటీసును ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో, అంటే తెలుగులోనూ, చదువుకునే వీలు కల్పించాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు ఉంది. తగిన భద్రతా చర్యలు తీసుకోనందుకు విధించే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు.

పరిశోధన, గణాంక అవసరాలకు చట్టంలో మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే ఆ సమాచారం ఆధారంగా ఫలానా వ్యక్తి విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి అనే షరతులు దానికి ఉన్నాయి. సర్వేలో రాసుకున్న వివరాలతోనే ప్రదర్శనా క్షేత్రానికి రైతులను ఎంపిక చేస్తే ఆ మినహాయింపు నీడ తొలగిపోతుంది. పరిశోధన, సేవ కలిసి సాగే కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ భేదాన్ని బాగా గుర్తించాలి.

ఒక అభ్యంతరం, దానికి సమాధానం

ఇన్ని ఆంక్షలు పెట్టుకుంటే పరిశోధన ఎలా సాగుతుంది, సలహా సకాలంలో ఎలా అందుతుంది అనే అభ్యంతరం సహేతుకమైనదే. చీడపీడల హెచ్చరిక వాన రాకముందే చేరాలి. దత్తాంశాన్ని పంచుకోకపోతే ఒకరి పరిశోధనను మరొకరు సరిచూడలేరు. కానీ పంచుకోవలసింది దత్తాంశాన్నే గాని రైతు గుర్తింపును కాదు. ఈ రెండింటినీ విడదీయడం కష్టమైన పని కాదు. ప్రతి రైతుకు ఒక సంకేత సంఖ్య ఇచ్చి, పేరు, ఫోన్ నంబరు ఉన్న పట్టికను వేరుగా, తాళం వేసి ఉంచితే విశ్లేషణకు ఏ లోటూ రాదు.

పేరు తీసివేసినంత మాత్రాన గుర్తింపు పోదన్న సంగతి కూడా గమనించాలి. గ్రామం పేరు, కులం, భూమి విస్తీర్ణం, పంట ఒకే వరుసలో ఉంటే, ఆ ఊళ్లో డ్రాగన్ ఫ్రూట్ వేసినవాడు ఒక్కడే అయినప్పుడు, పేరు రాయకపోయినా రాసినట్లే. అక్షాంశ రేఖాంశాలలో దశాంశ బిందువు తరువాత అయిదు అంకెలు ఇస్తే సుమారు ఒక మీటరు కచ్చితత్వంతో పొలం దొరుకుతుంది. రెండు అంకెలకు పరిమితం చేస్తే సుమారు 1.1 కిలోమీటరు పరిధి మాత్రమే తెలుస్తుంది. మండల స్థాయిలో జింకు లోపాన్ని చూపే పటానికి రెండవది చాలు. పొలం స్థాయిలో ఎరువుల సిఫారసుకు మొదటిది కావాలి, కానీ అది ఆ రైతుకు, సలహా ఇచ్చే శాస్త్రవేత్తకు మాత్రమే కావాలి. అవసరాన్ని బట్టి కచ్చితత్వం అనే సూత్రం ఎరువు మోతాదు నిర్ణయించే శాస్త్రవేత్తలకు కొత్తగా చెప్పవలసినది కాదు.

ఆచరణలో చేయదగినవి

మొదటిది, అడగడంలోనే పొదుపు. శిక్షణ హాజరుకు పేరు, గ్రామం, ఫోన్ నంబరు చాలినప్పుడు ఆధార్ నకలు తీసుకోకూడదు. గుర్తింపు తప్పనిసరి అయితే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోవచ్చు. పథకం నియమాల వల్ల పూర్తి వివరాలు కావలసి వస్తే, వాటిని నిర్ణీత వెబ్‌సైటులోనే నమోదు చేయాలి. ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుకునే అలవాటు మానాలి.

రెండవది, సమూహాల నిర్వహణ. సాధారణ వాట్సాప్ సమూహంలో చేర్చిన ప్రతి రైతు నంబరూ మిగతా సభ్యులందరికీ కనిపిస్తుంది. వారిలో దళారులు, మందుల కంపెనీల ప్రతినిధులు ఉండవచ్చు. సలహా పంపడమే ఉద్దేశమైతే చానల్ మేలు, అందులో అనుసరించేవారి నంబర్లు ఒకరివి ఒకరికి తెలియవు. బ్రాడ్‌కాస్ట్ జాబితా కూడా పనికివస్తుంది, అయితే పంపేవారి నంబరును రైతు తన ఫోన్‌లో దాచుకుని ఉండాలి. చర్చ కోసం సమూహం తప్పనిసరి అయిన చోట ఏపీకే ఫైళ్లు, తెలియని లింకులు కనిపించిన వెంటనే తొలగించే బాధ్యత ఒకరికి అప్పగించాలి.

మూడవది, విద్యార్థుల శిక్షణ. ప్రశ్నావళి తయారీ, నమూనా ఎంపిక, గణాంక పరీక్షలు నేర్పే పాఠ్యక్రమంలో సమ్మతి తీసుకోవడం, గుర్తింపు తొలగించడం, గడువు తీరాక చెరిపివేయడం కూడా నేర్పాలి. సమ్మతి పత్రం రైతుకు అర్థమయ్యే తెలుగులో అర పేజీకి మించకుండా ఉండాలి. చదవలేనివారికి చదివి వినిపించాలి. సిద్ధాంత గ్రంథాలు కృషికోశ్ వంటి భాండాగారాలలో అందరికీ అందుబాటులో ఉంటున్న ఈ రోజుల్లో, అనుబంధాలలో రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు లేవని సరిచూసిన తరువాతే మార్గదర్శకులు సంతకం చేయాలి.

నాలుగవది, రైతులకు అవగాహన. కలుపు యాజమాన్యం గురించి చెప్పే సమావేశంలోనే పది నిమిషాలు దీనికి కేటాయించవచ్చు. ఆధార్ బయోమెట్రిక్‌లకు తాళం వేసుకునే సౌకర్యం ఉందని, సొమ్ము పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలని, బ్యాంకుకు కూడా ఆలస్యం లేకుండా రాతపూర్వకంగా తెలపాలని చెప్పాలి. బ్యాంకు తప్పు, ఖాతాదారు తప్పు లేని మోసాలలో మూడు పనిదినాలలోపు తెలిపితే ఖాతాదారుపై భారం పడరాదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ గడువు తెలియకపోవడం వల్లనే న్యాయంగా రావలసిన సొమ్మును కోల్పోయే ప్రమాదం ఉంది.

వీటన్నిటికీ మించి, ప్రతి పరిశోధనా స్థానం, ప్రతి కృషి విజ్ఞాన కేంద్రం తన వద్ద ఉన్న రైతుల సమాచారం ఏది, ఎక్కడ ఉంది, ఎవరు చూడగలరు, ఎప్పుడు చెరిపివేస్తారు అనే నాలుగు ప్రశ్నలకు జవాబులతో ఒక రిజిస్టరు ఉంచాలి. విత్తన నిల్వకు, రసాయనాల నిల్వకు రిజిస్టరు ఉన్నప్పుడు మనుషుల వివరాలకు లేకపోవడం సమర్థనీయం కాదు. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు, బాధ్యుడి పేరు రాసిన ఒక ఉత్తర్వు చాలు.

కంచే చేను మేసిందన్న మాట పడకుండా చూసుకోవడం విస్తరణ వ్యవస్థ ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం. రైతు తన వివరాలు చెప్పేది వెబ్‌సైటుకో యాప్‌కో కాదు, ఎదురుగా కూర్చున్న శాస్త్రవేత్తకు, తన ఊరికి వచ్చిన విద్యార్థికి. ఆ మాట ఎవరి చెవిన పడిందో వారే దానికి జవాబుదారీ.