డబ్బాలో ఇంకో డిస్కు!

పెళ్లి వీడియోలు, పిల్లల పుట్టినరోజు ఫొటోలు, ఫోను నిండినప్పుడల్లా తెచ్చి పోసినవి... అన్నీ ఇంట్లోని డెస్క్‌టాప్ కంప్యూటర్లోనే. ఓ రోజు 'డి' డ్రైవు గీత ఎర్రబడుతుంది. దాదాపు నిండిపోయిందన్నమాట. ఇక ఏ ఫొటోలు చెరిపేద్దామా అని వెతుకులాట మొదలు. కొందరైతే కంప్యూటరే మార్చేద్దామంటారు. చాలా ఇళ్లల్లో ఈ రెండూ అక్కర్లేదు. అందరూ సీపీయూ అని పిలిచే ఆ డబ్బాలో సాధారణంగా మరో హార్డ్‌డిస్కుకి చోటుంటుంది. కావలసింది స్టార్ స్క్రూడ్రైవరు, కాస్త ఓపిక.

కొనేముందు మూత తీసి చూడండి (వారంటీ సీలు ఉంటే మాత్రం షాపు వాళ్లని అడిగాకే). మదర్‌బోర్డు మీద 'ఎల్' ఆకారంలో కనిపించే చిన్న సాకెట్లే సాటా పోర్టులు. ఒకటైనా ఖాళీగా ఉండాలి. పవర్ సప్లయ్ నుంచి వచ్చే సాటా కనెక్టర్ కూడా ఒకటి మిగిలి ఉండాలి. డేటా కేబుల్ చాలాసార్లు డిస్కుతోపాటు రాదు, అడిగి తీసుకోవాలి. సాటా రాకముందు ఒకే రిబ్బను కేబుల్‌కి రెండు డిస్కులు తగిలించి, ఒకదాన్ని మాస్టర్‌గా, రెండోదాన్ని స్లేవ్‌గా జంపర్లతో సర్దేవారు. ఆ తంటా ఇప్పుడు లేదు.

బిగించేటప్పుడు షట్‌డౌన్ చేసి, ప్లగ్గు పీకేసి, పవర్ బటన్‌ని ఐదారు సెకన్లు నొక్కి ఉంచండి. క్యాబినెట్ లోపలి ఇనుప భాగాన్ని ఓసారి ముట్టుకుంటే ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోతుంది. డిస్కుని అరలో పెట్టి స్క్రూలు బిగించి, రెండు కేబుళ్లూ తగిలించాలి. అవి ఒకవైపే పడతాయి. పట్టకపోతే తిప్పి చూడాలిగానీ బలంగా తోయకూడదు.

కంప్యూటర్ ఆన్ చేస్తారు. కొత్త డ్రైవు కనిపించదు! చాలామంది కంగారుపడేది ఇక్కడే. డిస్కు పాడైందని కాదు, దాన్ని ఇంకా వాడకానికి సిద్ధం చేయలేదంతే. విండోస్ 10, 11లలో స్టార్ట్ బటన్ మీద రైట్‌క్లిక్ చేసి 'డిస్క్ మేనేజ్‌మెంట్' తెరవండి. ఇనిషియలైజ్ చేయాలా అని అడుగుతుంది. 'జీపీటీ' ఎంచుకోండి. పాత 'ఎంబీఆర్' పద్ధతిలో మామూలుగా 2 టీబీకి మించి వాడలేం. తర్వాత 'అన్‌ఎలొకేటెడ్' అని ఉన్న నల్ల గీత మీద రైట్‌క్లిక్ చేసి 'న్యూ సింపుల్ వాల్యూమ్' అంటే సరి.

స్క్రూడ్రైవరు పనికన్నా ఈ నాలుగు క్లిక్కులే ప్రమాదం. నీలం గీతలున్నవి మీ పాత డ్రైవులు. పొరపాటున వాటిని ఫార్మాట్ చేస్తే ఫొటోలన్నీ గల్లంతే. డిస్కు నంబరు ఒక్కటే నమ్మకండి, సైజు చూసుకోండి. 1 టీబీ డిస్కు 931 జీబీగా కనిపిస్తుంది. అది మోసం కాదు. కంపెనీ వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది. వేరే కంప్యూటర్ నుంచి తీసిన పాత డిస్కుని తగిలిస్తే మాత్రం ఇనిషియలైజ్, ఫార్మాట్ అని ఏది అడిగినా 'క్యాన్సిల్' కొట్టండి. లోపల పాత ఫైళ్లు ఉండొచ్చు.

ఇక ఫొటోలని 'కట్' చేసి కొత్త డిస్కులో పడేస్తే చోటు దొరుకుతుందిగానీ, ప్రతి మళ్లీ ఒక్కటే. పెళ్లి ఫొటోల్లాంటివి 'కాపీ' చేసి రెండుచోట్లా ఉంచండి. అయినా రెండు డిస్కులకీ పవర్ సప్లయ్ ఒక్కటే కదా. వోల్టేజీ ఒక్కసారిగా పెరిగితే రెండూ పోవచ్చు. మూడో ప్రతి ఓ యూఎస్‌బీ డిస్కులో పెట్టి, వైరు తీసేసి బీరువాలో దాచుకోండి.