నడిచిన జీవం రుచే వేరు

ఆదివారం. పేపరు తిరగేసి, టిఫిను తిని, టీవీ ముందు కాసేపు కూర్చునేసరికి పదకొండయింది. సరిగ్గా ఆ వేళకే అనంతపురంలో చాలా ఇళ్లలో ఒక ప్రశ్న లేస్తుంది. ‘‘మధ్యాన్నానికి ఏం చేయమంటారు?’’ అని ఇంటావిడ అడుగుతుంది. ‘‘ఈ పొద్దు పొయ్యి ముట్టించొద్దులే, గార్లదిన్నె పక్కకు పోదాం పా’’ అంటాడు ఇంటాయన. పిల్లలు అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో ఉంటారు. అవ్వ మాత్రం మంచం మీద నుంచి కదలదు. ‘‘సంగటి తినేకి కారెక్కి పోవల్లనా? ఏం కాలమొచ్చెరా నాయనా!’’ అంటుంది. అంటూనే చీర మార్చుకుని, అందరికంటే ముందు వెళ్లి కారులో కూర్చుంటుంది.

మంచి మాంసం భోజనం కోసం ఊరి చివరకు పరుగు తీయడం మన ఒక్కరి అలవాటే కాదు. అమెరికాలో డాలస్ నగరం చుట్టూ ఉన్న ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో స్థిరపడిన తెలుగువాళ్లను అడిగితే తెలుస్తుంది. శనివారం సాయంత్రమైతే అక్కడా ఇదే చర్చ. కాకపోతే వాళ్లు వెతికేది స్టేక్. మందపాటి పశుమాంసపు ముక్కకు ఉప్పు, మిరియాల పొడి పట్టించి, బాగా కాలిన పెనం మీదో నిప్పుల మీదో రెండు వైపులా కాలుస్తారు. దించాక నాలుగైదు నిమిషాలు అలా వదిలేసి, కత్తితో కోసుకుని తింటారు. మసాలా లేదు, పులుసు లేదు. దాచుకోవడానికేమీ ఉండదు కాబట్టి ముక్క బాగుంటేనే భోజనం బాగున్నట్టు.

అందుకే అక్కడ ముక్కను బంగారంలా పరీక్షిస్తారు. మాంసంలో తెల్లటి కొవ్వు చారలు ఎంత దట్టంగా అల్లుకున్నాయో చూసి ప్రభుత్వ వ్యవసాయ శాఖే ప్రైమ్, ఛాయిస్, సెలెక్ట్ అని తరగతులు నిర్ణయిస్తుంది. ఎక్కువ గిరాకీ వెన్ను, నడుము దగ్గరి కండకి. ఎందుకంటారా? పశువు నడుస్తున్నప్పుడు కాళ్లకీ, భుజాలకీ ఉన్నంత శ్రమ ఆ భాగానికి ఉండదు. పని చేయని కండ మెత్తగా ఉంటుంది. స్టేక్ రహస్యం ఇంతే. తక్కువ కష్టపడ్డ కండకి ఎక్కువ ధర.

గార్లదిన్నె దగ్గరకొచ్చేసరికి ఈ సూత్రం తిరగబడుతుంది.

ఎండిన నేల... చిక్కటి పులుసు

అనంతపురం నుంచి గుత్తి వైపు సుమారు 20 కిలోమీటర్లు వెళితే గార్లదిన్నె. హైదరాబాద్-బెంగళూరు జాతీయ రహదారి మీద ఊరు. పాత తరం దీన్ని ‘ఏడో నంబరు రోడ్డు’ అనే అంటారు. 2010లో నంబర్లు మార్చాక ఇది 44 అయింది. మండలంలోని పెనకచర్ల దగ్గర పెన్నా మీద డ్యామ్ ఉంది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు అక్కడికి చేరతాయి. ఆ నీళ్లు పారినచోట పచ్చదనం, చీనీ తోటలు. పారనిచోట ఎర్రమట్టి, రాళ్లు, గుట్టలు, తుమ్మచెట్లు.

ఈ జిల్లాలో ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి అలసిపోతాయి. రెండు రుతుపవనాలకీ చివరి బంతి వాళ్లమే అంటారు రైతులు. ఇలాంటి నేల మీద గడ్డి ఒకచోట కుప్పగా దొరకదు. ఇక్కడ నాలుగు పరకలు, ఆ గుట్ట వెనుక పది పరకలు, కుంట కింద రాలిన తుమ్మకాయలు. వాటిని వెతుక్కుంటూ జీవాలు పొద్దస్తమానం నడుస్తూనే ఉంటాయి. గొర్రెలనీ మేకలనీ ఇక్కడ ‘జీవాలు’ అంటారు. ఎంత సరైన మాటో!

అలా నడిచిన పొట్టేలు కండ గట్టిగా, నరాలతో ఉంటుంది. కొవ్వు తక్కువ. దాన్ని స్టేక్‌లా ఐదు నిమిషాలు కాల్చి పళ్లెంలో పెడితే పళ్లు లేచొస్తాయి. అదే మాంసాన్ని ఎముకతో సహా కట్టెల పొయ్యి మీద సన్నటి సెగకు వదిలేస్తే కథ మారుతుంది. కష్టపడ్డ కండలో ఉండే గట్టి పీచు నిదానంగా కరిగి జిగురుగా మారుతుంది. పులుసు చిక్కబడేది, వేళ్లకు అంటుకునేది ఆ జిగురు వల్లే. ధనియాలు, ఎండుకొబ్బరి, గసాలు, లవంగం, చెక్క, ఎర్రకారం ఆ పులుసుకు రంగు, వాసన ఇస్తాయి. ఒంట్లో సత్తువ మాత్రం ముక్కది. స్టేక్ తినేవాడు తక్కువ నడిచిన కండను వెతుకుతాడు. సంగటి తినేవాడికి బాగా నడిచిన కండ కావాలి.

నాటుకోడి విషయమూ అంతే. ఫారం కోడి ఆరు వారాల్లో రెండు కేజీలు తూగుతుంది. పెరట్లో తిరిగే కోడి అందులో సగానికి రావాలన్నా నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ అది దిబ్బలు గీరుకుంటూ పరుగెడుతుంది. రుచంతా ఆ పరుగులోంచి వచ్చిందే.

పేదల ముద్ద పెద్దింటికెక్కింది

ఇక సంగటి. బియ్యమో నూకలో ఉడుకుతుండగా రాగిపిండి పోసి, మూత పెట్టి, తర్వాత కట్టెతో గట్టిగా గెలుకుతారు. ఉండ కట్టకుండా గెలకడానికి చేతుల్లో బలం ఉండాలి. తడి చేత్తో ముద్ద చేసి, పళ్లెంలో పెట్టి, నడుమ గుంత చేసి నెయ్యో పులుసో పోస్తారు. తుంచాలి, ముంచాలి, మింగాలి. నమిలితే కొత్తవాడని పక్క టేబులు వాళ్లకు తెలిసిపోతుంది.

ఒకప్పుడు ఇది ఈ నేలలో రోజూ తినే తిండి. అన్నం పండగనాడు. తర్వాత రాగులు, కొర్రలు వేసే చేలలోకి వేరుశనగ వచ్చింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. పేదింటి పళ్లెంలోకి తెల్లన్నం రావడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. అన్నం తినడం గౌరవమైంది, సంగటి నామోషీ అయింది. ఇంట్లో రాగి డబ్బా అటకెక్కింది. మళ్లీ నలభై ఏళ్లకు డాక్టర్లు చక్కెర జబ్బుకు అన్నం తగ్గించమన్నారు. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉందని పుస్తకాలు రాశాయి. మన దేశం ప్రతిపాదన మీద 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అటకెక్కిన సంగటి ఇలా హోటల్ బోర్డు మీదకు దిగింది.

మంచి హోటల్‌ని పసిగట్టేదెలా?

రోడ్డు పొడవునా బోర్డులే. ‘రాగిసంగటి - నాటుకోడి’ అని అన్నిటి మీదా రాసి ఉంటుంది. అందులో అసలైనది ఏది?

మొదట ముక్కుని నమ్మండి. కట్టెల పొయ్యి ఉన్నచోట పొగ వాసన కారు దిగగానే పలకరిస్తుంది. ఊళ్లో అద్దె కట్టి, నాలుగు గోడల మధ్య గ్యాసు మీద గంటల తరబడి ఉడికించాలంటే గిట్టదు. ఊరి చివర రేకుల షెడ్డు, వెనుక ఖాళీ జాగా, మోపులుగా కట్టెలు ఉంటే పొయ్యి తొందరపడనక్కర్లేదు. శివార్లలో రుచి బాగుండటానికి సగం కారణం ఈ తీరికే.

రెండోది, పలకలు చూడండి. యాభై రకాలు రాసి ఉంటే సగం ఫ్రిజ్‌లోవే. పొట్టేలు, నాటుకోడి, తలకాయ, బోటి... ఇంతకు మించకపోతే పొద్దున కోసినది పొద్దుపోయేలోగా అయిపోతుందని అర్థం. అనుమానముంటే అడగడానికి మొహమాటం వద్దు. ‘‘అన్నా, పొద్దున కోసిండేదేనా?’’ అంటే మంచి హోటలాయన నొచ్చుకోడు. ‘‘రెండు గంటలకు రండి, మిగిలి ఉంటే చూద్దురు’’ అని నవ్వుతాడు. కాబట్టి ఒంటిగంటలోపు చేరండి. రాత్రికి దొరికేది చాలాచోట్ల మధ్యాహ్నం మిగిలినదే.

మూడోది, నాటుకోడి అని రాసినచోటల్లా నాటుకోడి ఉండదు. గుడ్లు పెట్టే వయసు దాటిన ఫారం కోడినీ ఆ పేరుతోనే వడ్డించేవాళ్లున్నారు. పెరటి పెంపకానికని హైదరాబాద్‌లో రూపొందించిన వనరాజా, బెంగళూరులో రూపొందించిన గిరిరాజా కోళ్లూ ఆ పేరు మీద చెల్లిపోతాయి. అవి చెడ్డవి కావు, కానీ నాటుకోడి ధర పెట్టాల్సినవీ కావు. ఎముక సన్నగా గట్టిగా ఉండి, కండ దాన్ని వదలనని మొరాయిస్తే అది పరుగెత్తిన కోడే.

చివరగా, సంగటి ఎప్పుడు చేశారో చూడండి. పొద్దున చేసి పెట్టిన ముద్ద పైన పొర కడుతుంది. వేడివేడిగా ముద్ద చేసి పెట్టే చోట కూర్చోండి. పక్కనే లారీ డ్రైవర్లు, కచేరీ ఉద్యోగులు, పంచె ఎగ్గట్టిన రైతులు కలిసి తింటుంటే ఇక వెతకక్కర్లేదు.

పళ్లెం వెనుక ఉన్న లెక్క

భోజనం ముగిశాక బిల్లు వస్తుంది. ‘‘మటన్ ఇంత ధరా!’’ అని ఇంటాయన నొసలు చిట్లిస్తాడు. ఆ డబ్బులో జీవాన్ని నడిపించినవాడికి ఎంత చేరుతుందో ఒకసారి చూద్దాం.

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువున్న రాష్ట్రం తెలంగాణ, దాని తర్వాత ఒక కోటి 76 లక్షలతో ఆంధ్రప్రదేశ్. అందులోనూ ఉమ్మడి అనంతపురం జిల్లాదే పెద్ద వాటా. కరువు నేలలో ఇన్ని జీవాలేమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. కరువు కాబట్టే ఉన్నాయి. వేరుశనగ ఎండిన ఏడాది చేతికి గింజ రాకపోయినా కట్టె మిగులుతుంది. అది జీవాలకు మేత. బోరు తవ్వించాలన్నా, కూతురి పెళ్లన్నా, కొడుకు కాలేజీ ఫీజన్నా మందలోంచి ఒక జత సంతకు వెళుతుంది. పంటకు బీమా వచ్చినా రాకపోయినా మందే రైతు బ్యాంకు.

ఆ బ్యాంకుకీ కష్టాలున్నాయి. సంతలో చాలాచోట్ల తూకం ఉండదు. దళారి వచ్చి పొట్టేలు నడుము మీద చెయ్యి వేసి, కండ ఎంతుందో తడిమి, నోటి లెక్కన ధర చెబుతాడు. స్టేక్ కోసేచోటే మన దళారి చెయ్యీ పడుతుంది! మేత కరువైన ఏడాది అందరూ ఒకేసారి అమ్మకానికి తోలుకొస్తారు. సంతలో ధర పడిపోతుంది. ఊళ్లో కిలో మటన్ ధర మాత్రం దిగదు. పోనీ వాన పడితే సుఖమా అంటే అదీ లేదు. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన లేతగడ్డిని ఆబగా మేసిన జీవాలను చిటుకు రోగం కొట్టేస్తుంది. సమయానికి టీకా వేయించకపోతే రాత్రి బాగున్నది తెల్లారేసరికి ఉండదు.

వీటన్నిటినీ మించినది నడక. కాపరి కాలికి దారి తగ్గిపోతోంది. బీడుల్లో కొన్నిచోట్ల సౌర పలకలు వచ్చాయి, గుట్టల మీద గాలిమరలు లేచాయి. నీళ్లున్నచోట తోటలకు కంచెలు పడ్డాయి. నాలుగు వరసల రోడ్డు మీద మందను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దాటించడం ప్రాణాలతో చెలగాటం. కరెంటూ కావాలి, తోటలూ కావాలి, రోడ్డూ కావాలి. కాదనేవాళ్లు లేరు. అయితే మేపే నేల ఏ లెక్కలోనూ కనిపించడం లేదు. కాపరి కొడుకు చదువుకుని బెంగళూరు వెళ్లిపోతున్నాడు. ఉన్న కొందరు కొట్టం కట్టి, దాణా పెట్టి పొట్టేళ్లను పెంచుతున్నారు. త్వరగా బరువొస్తాయి, నాలుగు డబ్బులు మిగులుతాయి. వాళ్లను తప్పుపట్టలేం. నడవని పొట్టేలు కండ మెత్తగా ఉంటుంది, కొవ్వూ పడుతుంది. అంటే మన పళ్లెమూ మెల్లగా డాలస్ దారి పడుతోందన్నమాట.

ఇంకో పదేళ్లకు గార్లదిన్నె రోడ్డు మీద హోటళ్లు ఉంటాయి. సంగటీ ఉంటుంది. ఆ పులుసు ఇలాగే ఉండాలంటే మాత్రం ఊరికి కొంత మేపే నేల మిగలాలి. సంతలో తూకం పెట్టాలి. తొలకరికి ముందే టీకా మంద దగ్గరికి రావాలి. ఇవేమీ పెద్ద కోరికలు కావు.

అవ్వ చెయ్యి కడుక్కుని వచ్చి కారు దగ్గర నిలబడింది. రెండు ముద్దలు తిన్నది ఆమె ఒక్కతే. ‘‘ఎట్లుందవ్వా?’’ అని మనవడు అడిగాడు.

‘‘బాగుందిలేరా. మా కాలంలో దినామూ సంగటి ఉండె, చియ్యలు ఎప్పుడో పండగకు. ఇప్పుడు మీకు దినామూ చియ్యలున్నాయి, సంగటికి ఇంత దూరం రావల్సొచ్చె.’’

దూరంగా సర్వీసు రోడ్డు పక్కన ఒక మంద ఆగి ఉంది. లారీలు పోయేదాకా కాపరి కర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు. మనవడు కారు స్టార్టు చేయబోయాడు. అవ్వ వాడి భుజం మీద చెయ్యి వేసింది.

‘‘ఉండప్పా. వాటిని దాటనీ.’’