పొందిక కుదిరితే చాలా?

పిల్లలు ఇప్పుడు సందేహాలను మా దగ్గరికి తేవడానికి ముందే ఫోనును అడుగుతున్నారు. అది తప్పని మేం అనం. మా దిగులల్లా ఆ జవాబు తీరు గురించే. ఎక్కడా అతుకు కనిపించదు, ఒక వాక్యం ఇంకో వాక్యాన్ని కాదనదు. ఇంత చక్కగా కుదిరింది కాబట్టి నిజమే అయి ఉంటుందని పిల్లలే కాదు, పెద్దలమూ సరిపెట్టుకుంటున్నాం.

యంత్రం ఒక మాటను నమ్మాలా వద్దా అన్నది పొందికను బట్టి తేల్చుకోవచ్చన్న ఆలోచన కొత్తదేమీ కాదు. కెనడా తత్వవేత్త పాల్ థగార్డ్ 1989లో ‘ఎకో’ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను వివరించారు. అందులో ప్రతి మాటా ఒక ముడి. ఒకదానికొకటి బలమిచ్చే మాటల మధ్య స్నేహ బంధం, పొసగని వాటి మధ్య విరోధ బంధం ఉంటాయి. ఒకటి బలపడితే దాని స్నేహితులు బలపడతాయి, విరోధులు నీరసిస్తాయి. లెక్క కదలకుండా నిలిచేదాకా ఇది సాగుతుంది. చివరికి బలంగా మిగిలినవాటిని యంత్రం ఒప్పుకుంటుంది, మిగతావాటిని వదిలేస్తుంది. పంచాయితీలో పెద్దమనుషులు అందరి మాటా విని, ఏ కథ అతుకుతుందో చూసినట్టే.

థగార్డ్ ఈ లెక్కను లావోయిజే కథ మీద పరీక్షించారు. సైన్సు చెప్పేవాళ్లందరికీ తెలిసిన కథే. మండే వస్తువులో ఫ్లాజిస్టన్ అనే పదార్థం ఉంటుందని, మండేటప్పుడు అది బయటికి పోతుందని పాతవాళ్లు నమ్మారు. ఆ నమ్మకంలో పొందికకు లోటు లేదు. కట్టె కాలితే పిడికెడు బూడిదే మిగులుతుంది, మూసిన పాత్రలో దీపం ఆరిపోతుంది, రెండింటికీ అందులో జవాబుంది. దాన్ని పడగొట్టింది త్రాసు. లోహాన్ని గాలిలో కాలిస్తే బరువు పెరిగింది! అప్పుడు కూడా ఫ్లాజిస్టన్ బరువు సున్నా కంటే తక్కువని వాదించి పొందికను కాపాడుకోబోయినవాళ్లున్నారు. అందుకే థగార్డ్ తన ఏడు సూత్రాలలో ఒకటి ప్రత్యేకంగా పెట్టారు: కళ్లారా చూసినదానికి, కొలిచినదానికి సొంత బలం ఉండాలి. ఆ బలం లేకపోతే పొందిక అంటే అందంగా అల్లిన కట్టుకథే.

తర్వాత స్పెయిన్ పరిశోధకులు మరికొందరు ఇదే పద్ధతిని నియమాలకూ తెచ్చారు. కొత్త నియమం ఎదురైతే కృత్రిమ ఏజెంటు దాన్ని తన నమ్మకాల పక్కన, లక్ష్యాల పక్కన పెట్టి, ఇముడుతుందా లేదా అని చూస్తుంది. మనకు సంబంధించిన సంగతి ఇక్కడ మొదలవుతుంది.

హోసూరు వైపు తెలుగు బడి ఒకటి తీసుకుందాం. నియమాలు రెండు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అందేలా చూడాలని రాజ్యాంగం 350ఎ అధికరణ చెబుతుంది. తమిళనాడు 2006 చట్టం తమిళం నేర్చుకోవడం తప్పనిసరి చేసింది. ఒక ఏజెంటుకు ఈ రెండూ ఇచ్చి, ‘ఇక్కడి పిల్లలందరి ఇంటి భాష తమిళమే’ అన్న నమ్మకాన్నీ ఇచ్చామనుకోండి. గొడవే ఉండదు! 350ఎ ఎవరికీ వర్తించని కాగితంగా మూలన పడుతుంది, లెక్క సాఫీగా నిలుస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల మాత్రం ఆ లెక్కలో లేదు.

ఆ పిల్లను లెక్కలోకి తెచ్చి చూడండి. కూలేది ఆ నమ్మకమే కానీ నియమాలు కావు. పాఠాలు తెలుగులో, తమిళం ఒక భాషగా, రెండూ పక్కపక్కన నిలుస్తాయి. (మా పిల్లలకు తమిళం రాకూడదని మేం ఏనాడూ అనలేదు. అలా అన్నామని అనుకునేవాళ్లు మాత్రం ఉన్నారు.) అసలు చిక్కు వేరే చోట ఉంది. తమిళ టీచరు లేని బడిలో చదివినవాడు పదో తరగతిలో తమిళం పరీక్ష రాయాల్సి వస్తే ఆ నియమం ఎంత న్యాయం? మినహాయింపుల కోసం మనవాళ్లు కోర్టు మెట్లెక్కింది అందుకే. దీనికి పొందిక లెక్క ఒక్కటే తీర్పు చెప్పలేదు, ఆ బడిలో టీచరు ఉన్నారా లేరా అన్నది ఎవరో ఒకరు వెళ్లి చూసి రాయాలి.

నేటి ఫోను యంత్రాలు అచ్చంగా ఎకో పద్ధతిలో తయారైనవి కావు. అవి నేర్చేది పోగుపడిన రాతల నుంచి. సరిహద్దు తెలుగువాళ్ల గురించిన రాతలు అందులో ఎన్ని ఉంటాయో మీరే ఊహించండి. బళ్లారి, హోసూరు, పర్లాకిమిడి, యానాం ఊళ్లలో మన భాష సంగతి అడిగి, వచ్చిన జవాబును పిల్లల చేత ఇంటి పెద్దలకు చదివి వినిపించండి. పెద్దలు ‘ఇది కాదు’ అన్న ప్రతిచోటా గీత గీయించండి.

ఈ పని ఎనిమిదో తరగతి నుంచి చేయించవచ్చని మా అభిప్రాయం. ఒక నోటుబుక్కు చాలు: ఎడమ పేజీలో యంత్రం మాట, కుడి పేజీలో నాయనమ్మ, తాతయ్యల మాట, ఊరి పేరు, తేదీ. పిల్లలు రాసుకొచ్చిన దాని కింద తల్లిదండ్రులు సంతకం పెడితే సరిపోతుంది.