తప్పు నీళ్ళది, నింద పనిమనిషిది

మూడేళ్ళ క్రితం మేము హైదరాబాదు శివార్లలో ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. "ఇరవై నాలుగు గంటలూ నీళ్ళండీ" అన్నాడు ఇంటాయన. ఆయన అబద్ధమాడలేదు. కుళాయి తిప్పితే చాలు, నీళ్ళే నీళ్ళు. అవి ఏ నీళ్ళో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

నెల తిరక్కుండానే స్టీలు గిన్నెల మీద తెల్లటి మచ్చలు తేలాయి. గాజుగ్లాసులు మసకబారాయి. అమ్మ పనిమనిషిని కేకలేసింది. ఆవిడ మళ్ళీ తోమింది. ఆరగానే మళ్ళీ అవే మచ్చలు. "నేను మంచిగనే తోముతున్ననమ్మా, ఈ నీళ్ళే ఇట్లున్నయ్" అందావిడ. ఎవరూ వినిపించుకోలేదు. రెండో నెల జీతం చేతిలో పెట్టి మాన్పించేశాం. కొత్తగా వచ్చినావిడ తోమినా మచ్చలు పోలేదు!

ఇక్కడ సిగ్గుపడాల్సినవాణ్ణి నేను. సరిగ్గా ఆ రోజుల్లోనే కాలేజీ లాబ్‌లో నీటి కాఠిన్యం ప్రయోగం చేశాను. ఫ్లాస్కులో నీళ్ళు, కాస్త బఫరు, రెండు చుక్కలు ఎరియోక్రోమ్ బ్లాక్-టి, బ్యూరెట్లో ఇ.డి.టి.ఎ. ఎర్రరంగు పోయి నీలం రాగానే రీడింగు. రికార్డులో సంతకం పడింది, మార్కులూ పడ్డాయి. లాబ్‌లో నేను కొలిచిన కాఠిన్యమూ, ఇంట్లో గిన్నెల మీది మచ్చా ఒకటేనని మాత్రం నా బుర్రకు తట్టలేదు. డిగ్రీ చదివే నాకు తట్టనిది, బడి ముఖం చూడని ఆవిడకు తెలిసింది.

తర్వాత మా ఇంటి నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి పరీక్ష చేశాను. మన దేశపు తాగునీటి ప్రమాణం (ఐ.ఎస్. 10500, 2012) ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం ఆమోదయోగ్యం. వేరే నీళ్ళు దొరకని చోట 600 దాకా సరిపెట్టుకోవచ్చు. మా నీళ్ళు 200 ఎప్పుడో దాటేశాయి, 600 లోపే ఉన్నాయి. అంటే కాగితం మీద ఏ తప్పూ లేని నీళ్ళు!

ఆ తప్పులేని నీళ్ళు సంసారానికి ఎంత ఖర్చు పెట్టిస్తాయో లెక్క చూద్దాం. 100 గ్రాముల కాల్షియం కార్బొనేటుకు సమానమైన కాఠిన్యం సుమారు 610 గ్రాముల సోడియం స్టియరేటును, అనగా సబ్బును, నురగకు పనికిరాని తెట్టుగా మార్చేస్తుంది. 600 కాఠిన్యమున్న 20 లీటర్ల బకెట్టులో 12 గ్రాములుంటుంది. ఆ బకెట్టంతటికీ నురగ రావాలంటే ముందుగా 73 గ్రాముల సబ్బు నీళ్ళకే నైవేద్యం! డిటర్జెంటు పొడికి అంత తెట్టు కట్టదు గాని, దానికీ మోతాదు పెంచాల్సిందే. ఇక కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. గీజరు కాయిల్‌కి గార కట్టి, వేడి బయటికి పోక కాలిపోతుంది. ఇవేవీ నీళ్ళ ఖర్చు కింద రాయం. సబ్బు ఖర్చనీ, గ్యాసు ఖర్చనీ, రిపేరనీ రాసుకుంటాం. కొందరి ఇళ్ళలో పనిమనిషి ఖాతాలోనూ రాస్తారు.

ఇంతకీ ఈ గతి ఎందుకు పట్టింది? 1908లో మూసీ వరద ఊరిని ముంచాక ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో కట్టారు. తర్వాత మంజీర, కృష్ణ, గోదావరి నీళ్ళూ వచ్చాయి. ఇవన్నీ వాన నీళ్ళూ, ఏటి నీళ్ళూ. బోరు నీళ్ళతో పోలిస్తే మెత్తనివి. కాని ఊరు పైపుల కంటే వేగంగా పెరిగింది. నల్లా నీళ్ళు చాలని చోట బోరు వేస్తారు, సంపులో రెండూ కలుపుతారు, మిద్దె మీది ట్యాంకుకెక్కిస్తారు. నేలలోని రాళ్ళ మధ్య నిలిచి కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగించుకున్న నీరు కుళాయిలోంచి మంజీర నీళ్ళలాగే తెల్లగా దిగుతుంది. కంటికి తేడా ఏం తెలుస్తుంది?

దీన్ని చూపించి భయపెట్టే వ్యాపారులూ ఉన్నారు. గోరంత మీటరు గ్లాసులో ముంచి, అంకె చూపించి, కిడ్నీలో రాళ్ళంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్య కారణంగా కాఠిన్యానికి పరిమితి విధించలేదు. పోనీ కొన్నామే అనుకోండి, వంటింటి యంత్రం తాగే నాలుగు బిందెలకు సరిపోతుంది. తోమే నీళ్ళు, ఉతికే నీళ్ళు, స్నానం నీళ్ళు అలాగే ఉంటాయి. ఇల్లంతటికీ మెత్తబరిచే యంత్రం పెట్టుకునే స్తోమత అద్దె ఇళ్ళలో ఎందరికుంది?

నీళ్ళు మరిగిస్తే బైకార్బొనేట్ల వల్ల వచ్చే తాత్కాలిక కాఠిన్యం పోతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్లది పోదు. ఉతికే నీళ్ళలో బట్టల సోడా వేస్తే రెండూ తగ్గుతాయి. గిన్నెల గారకు చింతపండు, నిమ్మఉప్పు ఉండనే ఉన్నాయి. ఇవి ఇంట్లో చేసుకునే సర్దుబాట్లు. అసలు కావలసింది తెలిసి ఉండటం. ఇల్లు అద్దెకిచ్చేవారు నీళ్ళెన్ని గంటలో చెప్పినట్టే అవి ఏ నీళ్ళో, కాఠిన్యమెంతో చెప్పాలి. అడగడం మనం నేర్చుకోవాలి.

అందుకు మన కాలేజీయే మొదలెట్టవచ్చు. ఏటా ఎంతోమంది లాబ్‌లో ఇదే ప్రయోగం చేస్తారు, లాబ్ కుళాయి నీళ్ళతోనో, తయారుచేసిచ్చిన ద్రావణంతోనో. బదులుగా ఒక్కొక్కరూ తమ ఇంటి నీళ్ళో, హాస్టలు నీళ్ళో తెచ్చి పరీక్షిస్తే? ఖర్చు అదే, శ్రమ అదే. పేట పేటకూ అంకె దొరుకుతుంది. యూనియన్ ఆ పట్టికను నోటీసు బోర్డు మీద పెట్టి, వచ్చే ఏటి సంచికలో అచ్చు వేయాలని నా విన్నపం. హాస్టలు కుళాయితో మొదలెడితే మరీ మంచిది. అక్కడి బకెట్లకు పట్టిన గార మనకందరికీ పరిచయమే.

మా పాత పనిమనిషి కోసం తర్వాత వాకబు చేశాను. ఆ బస్తీ ఖాళీ చేసి వెళ్ళిపోయారన్నారు. ఆవిడ చెప్పింది నిజమని చెప్పడానికి నాకు ఆవిడ దొరకలేదు. ఆ మాట ఇక్కడైనా రాయాలనిపించింది.