‘మా పరిధి కాదండీ!’

రాత్రి బస్సులో విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తుంటే దారిలో ఎక్కడో సంచి పోయిందనుకుందాం. దిగాక దగ్గర్లోని స్టేషన్‌కు వెళ్తే, రైటర్ తలెత్తకుండానే అనే మాట: ‘అది మా పరిధి కాదండీ.’

అలా అనడం కుదరదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, కాగ్నిజబుల్ నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాల్సిందే. జనం నోట జీరో ఎఫ్ఐఆర్ అంటే ఇదే. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. నకలుకు పైసా ఇవ్వక్కర్లేదు. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకు మాత్రం, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలుంది.

వీలునామా మీదా ఇలాంటి అపోహే. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్ల కాగితం మీద రాసినా చాలు. కానీ ఇద్దరు సాక్షుల సంతకాలు లేకపోతే చెల్లదు.

సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల గడువు, చెక్ బౌన్స్ నోటీసు, అద్దె ఒప్పందం ఎందుకు 11 నెలలకే రాసుకుంటారు... ఈ సంచికంతా అలాంటి ప్రశ్నలే. అద్దె సంగతితోనే మొదటి వ్యాసం మొదలవుతుంది.

– సంపాదకుడు