వెనుక సీటులోని సుఖము



కారు కొనునపుడు మగవారు ఇంజను బలమును, మైలేజిని విచారింతురు; రంగు మాత్రము మనకు వదలుదురు. ఆ కారులో వెనుక కూర్చుండువా రెవరు? అత్తగారు, బిడ్డలు, గర్భిణియగు కోడలు. హిందూపురమునుండి పెనుకొండ మీదుగా ధర్మవరమునకు పట్టుచీరలకై పోయి వచ్చి, నడుము పట్టినదని పెద్దామె యనినచో “వయసు మీఱినది గదా” యందురు. వయసు కాక, సీటు క్రిందనున్న సస్పెన్షనే యందులకు కారణము కావచ్చును.

ఎద్దుబండి ఇరుసును మనమందఱ మెఱుగుదుము. ఒక చక్రము గుంటలో దిగిన బండియంతయు నటు వంగును. ఆ ఇరుసునకు ఇనుప కమానుకట్టలు తగిలించినచో లారీపద్ధతి యగును. 2014 వఱకు తయారైన అంబాసిడరు వెనుక భాగమున నున్నవి యీ కమానులే, బొలెరోకును అవియే. బరువు మోయుటలో వీనికి సాటి లేదు గాని, యిద్దఱే కూర్చున్నపు డెగిరెగిరి పడును. ఇన్నోవా క్రిస్టాలో ఇరుసు గట్టిదే యైనను, కమానులకు బదులు చుట్టస్ప్రింగులును, ఇరుసును పట్టియుంచు కడ్డీలును గలవు. కనుక కుదుపు కొంత తక్కువ.

రెండవ పద్ధతి మన యింటిముంగిటనే తయారగుచున్నది. పెనుకొండ మండలము ఎర్రమంచిలో 2019 సంవత్సరమున ప్రారంభమైన కియా కర్మాగారమునుండి మొదట వెలువడిన సెల్టోసునకును, తరువాత వచ్చిన సోనెట్, కారెన్సులకును వెనుక నున్నది టోర్షన్ బీము. వీనిలో ఇంజను ముందుచక్రములనే త్రిప్పును. వెనుకచక్రములు ఊరక దొరలును. ఆ రెండిటిని కలుపు అడ్డదూలము మెలిపడును గనుక, ఒక చక్రము లేచినపుడు రెండవది కొంతవఱకు నిలకడగా నుండును. భాగములు తక్కువ, ఖర్చు తక్కువ, డిక్కీలో చోటెక్కువ. మలుపులో గతుకు తగిలినపుడు మాత్రము వెనుకభాగ మించుక ప్రక్కకు జరిగినట్లుండును.

అదే కర్మాగారమున కూర్చబడిన కార్నివాలునకు మల్టీలింకు అమర్చిరి. ఇందు ప్రతి వెనుకచక్రమును పలు కడ్డీలు విడివిడిగా పట్టియుంచును. ఒకదాని కుదుపు రెండవదానికి సోకదు. మలుపులో టైరు నేలను బాగుగ నంటియుండును. అయితే కడ్డీలకొలది రబ్బరు బుష్షులు. అవి అరిగిన మరమ్మతు ఖర్చు హెచ్చు.

ఇది చదివి మల్టీలింకే కావలెనని పట్టుబట్టనక్కఱలేదు. ఊరిలో బడికి, సంతకు తిరుగు కుటుంబమునకు టోర్షన్ బీము చాలునని మా యభిప్రాయము. పేరుకంటె స్ప్రింగు మెత్తదనము, షాక్ అబ్జార్బరు బిగువు, టైరు గాలి ముఖ్యములు. సరిగా కుదిర్చిన సాదా పద్ధతి, కుదర్చని ఖరీదుపద్ధతికంటె మేలు.

కావున కారును పరీక్షించునాడు మీరును పోవలెను. పోయి ముందుగాక వెనుక సీటులోనే కూర్చుండవలెను. ఇంటిల్లిపాదిని ఎక్కించుకొనుడు. నున్నని 44వ జాతీయరహదారిపై ఏ కారైనను బాగుగనే యుండును, పల్లెదారికి మఱలించుమనుడు. స్పీడ్ బ్రేకరును మెల్లగా దాటించి చూడుడు, గతుకుల మలుపున కొంచెము వేగముగను చూడుడు. కొలిమిలో సుత్తివలె “ధన్” మని తగిలినదా, ఊయలవలె పలుమార్లు ఊగినదా? రెండును దోషములే. సేల్సు యువకుడు ముందుసీటు చూపిన మొగమాటపడకుడు.

ఇంట పాతకారున్నవారు క్రొత్తదాని మాట తలపెట్టుటకు ముందు మెకానికుచేత షాక్ అబ్జార్బరులను చూపించుడు. వానినుండి నూనె కారుచున్నను, గతుకు దాటిన పిదప కారు ఊగుచునే యున్నను, అవి చెడినవన్నమాట. స్ప్రింగు కుదుపును తన యందు దాచుకొనును. దాని నణచునది యిదియే. మార్పించునపుడు రెండు ప్రక్కలవియు జతగనే మార్పింపుడు. ఒకటి క్రొత్తది, ఒకటి పాతది యైనచో మలుపులలో కారు సమముగా నిలువదు.